మేకు మీద చెయ్యి

నా చేను మింగింది సముద్రం కాదు, శంఖపాలుడు. ఈ మాట ఇప్పటికి వందమందికి చెప్పాను. వందమందీ తలలూపారు గానీ ఒక్కడూ నోరు మెదపలేదు. నిమ్నావతి రాజ్యంలో సముద్రపు కట్టలన్నిటికీ కాపలా ఉండమని రాజుగారు నియమించిన కట్టదొర అతను. కంచే చేను మేసిందన్నట్టు, ఆ కట్టదొరే నా కట్ట తవ్వించాడు. తవ్వించి, "గాలివాన తెంచేసింది, పాపం సింగన్న" అని నా భుజం మీద చెయ్యి వేసి నలుగురి ముందూ కన్నీళ్ళు పెట్టుకున్నాడు. ఏడాదయింది. ఆ చేతి బరువు ఇంకా దిగలేదు.

న్యాయం అడిగితే నగర బహిష్కారం వేశారు. కోట వాకిట్లో కనబడితే కాళ్ళు విరగ్గొట్టమని ఆజ్ఞ.

అందుకే ఆ పొద్దున్న నేను నలభై ఆరేళ్ళ మీసం గొరిగించుకుని, చీర కట్టి, ముసుగు లాక్కుని, పాముచేపల బుట్ట నెత్తిన పెట్టుకుని పడమటి ద్వారం ముందు నిలబడ్డాను. బుట్ట అడుగున చేపల కింద ఒక తాటాకు, చేతివేలంత ఇనప మేకు, ఒక సుత్తి ఉన్నాయి.

ద్వారపాలకుడు ఈటె అడ్డం పెట్టాడు. "ఏమే ముసలీ, బుట్టలో ఏముంది?"

"పాముచేపలు నాయనా. చెయ్యి పెట్టి చూసుకో. ముందు వేళ్ళు లెక్కపెట్టుకుని మరీ పెట్టు."

వాడి పక్కవాడు పగలబడి నవ్వాడు. వీడూ నవ్వాడు. "గొంతు గేదెలా ఉంది గానీ నోరు మాత్రం కత్తే. పో, పో."

మా దేశంలో అంతే. చేతిలో ముద్ర లేకపోయినా నోట్లో జవాబుంటే తలుపు తెరుచుకుంటుంది.

నేను చదువుకున్నవాణ్ణి కాను. గుణింతాల దగ్గర పలక పగిలింది, మళ్ళీ కొనలేదు. అయినా నిమ్నావతిని చూస్తే ఎవడికైనా వర్ణన దానంతటదే వస్తుంది. ఆ నగరం సముద్రం కన్నా పల్లంలో ఉంది. తలెత్తితే మేడల శిఖరాల పైన, ఆకాశంలో ఈదుతున్నట్టు, పచ్చని తెరచాపలు, బంగారు పూత పూసిన ఓడ ముక్కులు, వాటి చుట్టూ మల్లెలు చల్లినట్టు సముద్రపు కాకులు. కొండచిలువ చుట్ట చుట్టుకున్నట్టు నగరం చుట్టూ ఏడు వరసల మట్టి కట్టలు. కట్టల మీద వెయ్యి గాలిరాట్నాలు, వేయిమంది రాక్షసులు తెల్లగుడ్డల రెక్కలు విప్పుకుని ఆడుతున్నట్టు, పగలూ రేయీ ఊటనీళ్ళు తోడి సముద్రం మొహాన కొడుతూ ఉంటాయి. ఇక ఏ గడప చూసినా, ఏ తెడ్డు చూసినా, ఏ సమాధి చూసినా రెండేసి పాదాల పద్యం. దాన్ని మేం చురక అంటాం. మొదటి పాదం బుగ్గ నిమరాలి, రెండోది గిల్లాలి.

కల్లు దుకాణం తలుపు మీద ఇలా ఉంటుంది:

"లోపలికొచ్చేటప్పుడు తల వంచుకుని రా;
పోయేటప్పుడు చెప్పక్కర్లేదు, అదే వంగుతుంది."

రాజవైద్యుడి సమాధి మీద:

"వైద్యుడిక్కడ నిద్దరోయె, సడి చెయ్యకండి;
చుట్టూరా అతని రోగులే పడుకున్నారండి."

ఈ చురకలు మాకు ఉత్త వేడుక కాదు, ధర్మశాసనం. పెద్దవాడి మీద పేదవాడికి ఫిర్యాదుంటే, సముద్రం వెనక్కి తీసే ఆటు గంట మోగగానే అతని తలుపుకి చురక రాసి మేకు కొట్టొచ్చు. సముద్రం ముందుకొచ్చే పోటు గంట మోగేదాకా, ఇంచుమించు ఒక పూట, ఆ మేకు మీంచి కుడిచెయ్యి తియ్యకూడదు. తీశాడా, ఫిర్యాదు అబద్ధం, ఆ చెయ్యి ఇంటి యజమానిది. నరుక్కోవచ్చు. ఈలోగా యజమాని అంతే పొడుగు చురకతో జవాబు చెప్పాలి. చూస్తున్న జనం నవ్వితే జవాబు చెల్లినట్టు, ఫిర్యాదు మళ్ళీ జన్మలో ఎత్తకూడదు. నవ్వకపోతే చెల్లదు. పోటు గంట దాకా చెల్లే జవాబు లేకపోతే, నేరం నిజం. ఈ మధ్యలో ఎవడూ ఒకరి ఒంటి మీద ఒకరు చెయ్యి వెయ్యకూడదు.

నేను నేరుగా గంట మండపానికి వెళ్ళాను. గంటలు కొట్టే పేరమ్మ మా నాన్నకి వరసకి చెల్లెలు. ముసుగు తియ్యగానే గుండె పట్టుకుంది.

"ఒరే సింగా! మీసం ఏమయిందిరా?"

"మొలుస్తుందిలే అత్తా. ఆటు గంట ఎప్పుడు?"

నా మొహం చూసి ఆమెకి అర్థమయింది. "వద్దురా. శంఖపాలుడికి ఈ రాజ్యంలో సాటి కవి లేడు. మేడ మీద ధూమ్రకేశుణ్ణి ఉంచుకున్నాడు, ఆ మాంత్రికుడి జుట్టులోంచి పగలే పొగ లేస్తుంది. నీకేమో సాక్షి కూడా లేడు."

"ఉన్నాడు. అతని నోరే."

పేరమ్మ నన్ను ఒక క్షణం పరీక్షగా చూసింది. ఆమె వెనక గూళ్ళలో వేల మట్టి పలకలు, మైనం గుడ్డ చుట్టి, ముద్ర వేసి, వరసగా ఉన్నాయి. మా రైతులకి ఒక ఆచారం ఉంది. కట్ట కట్టుకునేటప్పుడు సముద్రానికి ఒక చురక చెప్పుకుంటాం. జంటగా రెండు పచ్చి మట్టి పలకల మీద గీస్తాం. ఒకటి కాల్చకుండానే కట్ట కడుపులో పెట్టి పూడుస్తాం. కాల్చకపోవడం ఎందుకంటే, సముద్రం గెలిచిన నాడు ఆ మాట కూడా కరిగి సముద్రంలోనే కలవాలి. రెండోది ముద్ర వేసి గంట మండపంలో ఇస్తాం. కట్ట చచ్చాక, కట్టినవాడు అడిగితే తప్ప విప్పరు. ఆ మాట పెళ్ళానికి కూడా చెప్పం.

నా పలక ఇరవై రెండేళ్ళ కిందటిది.

"నేను అడిగినప్పుడు నా పలక విప్పు. ఈలోగా ఏం జరిగినా రావద్దు," అన్నాను.

పేరమ్మ కళ్ళు తుడుచుకుని తాడు పట్టుకుంది. ఆటు గంట ఖంగుమంది.

పరిగెత్తాను. పరిగెత్తుతూనే పంచె మీద కట్టిన చీర విప్పి పారేశాను. శంఖపాలుడి మేడ తలుపు చందనంది, నాకు రెండింతల ఎత్తు. గడప పైన బంగారు అక్షరాల్లో అతని చురక: "మాటకి మాట చెప్పగల మొనగాడెవడు? ఉంటే రమ్మనండి, గుమ్మం ఎత్తు చాలు." భటులు చూసి ఈటెలు ఎత్తే లోపల తాటాకు ఆనించి మేకు పెట్టి మూడు దెబ్బలు వేసి, కుడి అరచెయ్యి మేకు తల మీద అదిమాను.

ఈటెలు నా మెడ దగ్గర ఆగిపోయాయి. ధర్మం ధర్మమే.

నా చురక ఇది:

"గాలి తెంచిందట నా కట్ట, శంఖపాల దొరా!
గాలికి పలుగూ పారా ఎరువిచ్చిందెవరు?"

జనం చీమల్లా వచ్చేశారు. ఎవరో పైకి చదివారు. నవ్వు వీధి ఈ చివర్నుంచి ఆ చివరికి పాకింది. రొయ్యలమ్మే గున్నమ్మ తన గంప బోర్లించి దాని మీద కూర్చుంది. "ఇవాళ బేరం లేదు. ఇదే చూస్తా," అంది.

మేడ మీద కిటికీ తెరుచుకుంది. శంఖపాలుడు పట్టు ఉత్తరీయం సర్దుకుంటూ కిందికి చూశాడు. చిరునవ్వు చెక్కు చెదరలేదు.

"సింగన్నా! ఇంకా బతికే ఉన్నావా? మీసం సముద్రం తీసుకుందా?"

"సముద్రం నా దగ్గర ఏమీ తీసుకోలేదు దొరా. అదే అడగడానికొచ్చాను."

జనం మళ్ళీ నవ్వారు. శంఖపాలుడి దవడ కదిలింది. వెంటనే చెయ్యెత్తి జవాబు చెప్పాడు:

"గాలికి పలుగేల, గాలికి పారేల?
కళ్ళెం కావలసింది సింగన్న నోటికి!"

ఒకడు దగ్గాడు. గున్నమ్మ ముక్కు చిట్లించింది. "చప్పగా ఉంది దొరా. కాస్త ఉప్పేసుకోండి."

దానికి నవ్వారు జనం. జవాబు చెల్లలేదు. కిటికీ మూసుకుంది.

అక్కణ్ణించి మొదలయింది నా మీద దాడి.

ముందు మేకు వేడెక్కింది. మేడ మీద ధూమ్రకేశుడు ఏదో గొణుగుతున్నాడు, కిటికీ సందుల్లోంచి నీలం పొగ దిగుతోంది. మేకు నులివెచ్చన, వెచ్చన, సలసల, ఎర్రన. పొద్దున్నుంచి పాముచేపలు తడిమిన చెయ్యి కదా, వాటి జిగురు అరచేతికి మందంగా అంటుకుని ఉంది. అది చుయ్యిమంటూ కాలినంత సేపూ చర్మం నిలిచింది. తర్వాత చర్మం కాలింది. నేను పళ్ళు కొరికాను. ఇరవై రెండేళ్ళు ఉప్పునీళ్ళలో కట్ట మట్టి ఎత్తిన చెయ్యి అది. దానికి నొప్పి కొత్త కాదు. తియ్యలేదు.

పొగ ముద్దకట్టింది. ముద్దకి ముక్కు మొలిచింది, రెక్కలు మొలిచాయి. ఏనుగంత కొంగ. కళ్ళు నిప్పుకణికలు, ముక్కు బల్లెం. మనిషి చెయ్యి పడకూడదంది గానీ, కొంగ ముక్కు పడకూడదని ధర్మశాసనంలో ఎక్కడా లేదు! అది నా మణికట్టు మీద గురిపెట్టి పొడిచింది. ఎడంచేత్తో బుట్ట అడ్డం పెట్టాను. బుట్ట చిల్లుపడింది. చేపలు నేల మీద మెలికలు తిరిగాయి. పొగతో చేసిన కొంగైనా కొంగ కొంగే, చేపని చూస్తే ఆగుతుందా? నన్నొదిలి నాలుగు చేపలు గుటుక్కున మింగింది. పొగ కడుపులో ప్రాణమున్న పాముచేపలు! అవి లోపల కొట్టుకుంటుంటే కొంగ ఒకసారి లావయింది, ఒకసారి సన్నమయింది, ఎక్కిళ్ళు పెడుతూ మేడ కప్పు మీదికి ఎగిరి కూర్చుంది.

"నా సామిరంగా!" అని గున్నమ్మ చప్పట్లు కొట్టింది.

నీడలు పొట్టివై మళ్ళీ పొడుగవుతున్నాయి. పోటుకి ఇంకెంతో లేదు. అప్పుడు వీధి మాయమయింది.

నా ముందు నా చేను ఉంది. నీళ్ళు లేవు. మోకాలెత్తు వరి, మొదటి నుంచి చివరిదాకా ఒకే పసుపు. గాలికి కంకులు ఒకదాన్నొకటి రాసుకుంటున్న చప్పుడు. ఏడాది పాటు నిద్రలో విన్న చప్పుడు అది. గట్టు మీద కొడవలి నా కోసమే పెట్టినట్టుంది. రెండడుగులు వేస్తే చాలు, అందుతుంది. నా వేళ్ళు మేకు మీంచి లేచాయి. అరచెయ్యి ఇంకా లేవలేదు.

ఈశాన్య మూలకి చూశాను. అక్కడా కంకులు నిండుగా, గింజ బరువుకి తలలు వంచి నిలబడ్డాయి.

నా చేనుకి ఈశాన్య మూల ఉప్పు ఊట. ఏ ఏడాదీ ఆ మూలన తాలు తప్ప గింజ పండలేదు. మా నాన్న తిట్టాడు, నేను తిట్టాను, పండలేదు.

"మాంత్రికుడా!" అని అరిచాను. "నా చేను ఇంత అందగత్తె కాదురా!"

వీధి తిరిగొచ్చింది. నా చెయ్యి మేకు మీదే ఉంది.

కిటికీ దడాలున తెరుచుకుంది. శంఖపాలుడి ఉత్తరీయం జారిపోయింది, జుట్టు చెదిరింది. దూరంగా సముద్రం గుర్రుమంటోంది, పోటు తిరిగింది. పేరమ్మ తాడు పట్టుకుని ఉంటుంది. జవాబు కావాలి, అదీ జనం నవ్వే జవాబు. అతని కళ్ళలో ఒక వెలుగు వచ్చింది. ఆ వెలుగు కోసమే నేను పూటంతా చెయ్యి కాల్చుకున్నది. మంచి చురక కట్టి, చెప్పుకోవడానికి వీల్లేక, ఏడాదిగా కడుపులో దాచుకున్న కవి మొహం అది.

శంఖపాలుడు గొంతు సవరించుకుని, నా వైపు వేలు చూపించి, రాగం తీసి చదివాడు:

"చేపలు చాలని సాగరం నేల చెక్కనీ నమిలింది;
గుడ్డెద్దు రుచించక గట్టున ఉమ్మింది!"

వీధి పేలిపోయింది. గున్నమ్మ కూడా నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. ఏం చేస్తాం, బాగుంది మరి. కాలిన చేత్తో, చెమటతో, నోరు తెరుచుకుని నిలబడ్డ నన్ను చూస్తే ఉమ్మేసిన ఎద్దులాగే ఉంటాను.

శంఖపాలుడు చేతులు జోడించి నవ్వులకి నమస్కారం పెట్టాడు. "జవాబు చెల్లింది. ఇక వెళ్ళు సింగన్నా."

నేను నవ్వులన్నీ తగ్గేదాకా ఆగాను.

"దొరా, గుడ్డెద్దంటే ఎవరు?"

"నువ్వేరా, ఇంకెవరు?"

"నాకు రెండు కళ్ళూ కనబడతాయి. అయ్యలారా, అమ్మలారా, నన్ను ఈ నగరంలో ఎవరైనా ఎప్పుడైనా గుడ్డెద్దు అన్నారా?"

"మొండోడు అన్నాం," అన్నాడొకడు. "నోటిదురుసు అన్నాం," అన్నాడింకొకడు. గుడ్డెద్దు అని ఎవరూ అనలేదు.

"నాకొక గుడ్డెద్దు ఉండేది. అది చచ్చి ఇరవయ్యేళ్ళు. ఈ దొర ఈ రాజ్యానికి వచ్చి ఆరేళ్ళు." వీధి చివరి గంట మండపం వైపు తిరిగి గొంతు చించుకున్నాను. "అత్తా! నా కట్ట చచ్చిపోయింది. నా పలక విప్పు!"

పేరమ్మ పలక పట్టుకుని మండపం మెట్ల మీదికి వచ్చింది. ముద్ర చెక్కు చెదరలేదని నలుగురికీ చూపించింది. పగలగొట్టింది. మైనం గుడ్డ విప్పి, నేను ఇరవై నాలుగేళ్ళ వయసులో పుల్లతో గీసిన కుంటి పద్యం చదివింది:

"చేపలున్నాయి నీకు చాలు, సాగరమా;
నేల చెక్క ఒకటి, గుడ్డెద్దు ఒకటి, నాకివే చాలు."

ఎవరూ నవ్వలేదు. నెమ్మదిగా గున్నమ్మ గంప మీంచి లేచింది.

"చేపలకి చేపలు. చెక్కకి చెక్క. ఎద్దుకి ఎద్దు. ఇది సింగన్న ఫిర్యాదుకి జవాబు కాదు, ఆ పలకకి జవాబు! కట్ట కడుపులో ఉన్నదాన్ని దొర ఎట్లా చదివాడు?"

"పలక... ఒడ్డుకి కొట్టుకొచ్చింది," అన్నాడు శంఖపాలుడు. "నా భటుడికి దొరికింది."

ఆ మాట నోరు దాటగానే అతనికే తెలిసిపోయింది. వీధిలో ప్రతివాడూ ఏదో ఒక కట్టలో పచ్చి పలక పూడ్చినవాడే.

"పచ్చి మట్టి దొరా," అన్నాను. "తడి తగిలితే కరిగిపోతుంది. సముద్రం కన్నా ముందు, పొడిచేత్తో, గట్టు వైపు నుంచి తవ్వినవాడు మాత్రమే చదవగలడు. చదివి ఊరుకుంటే బతికేవాడివి. చదివాక జవాబు కట్టకుండా ఉండలేకపోయావు."

పేరమ్మ లోపలికి పరిగెత్తి తాడు లాగింది. పోటు గంట మోగింది.

జనం తలుపు మీద పడ్డారు. చందనపు తలుపు విరిగింది. నేను చెయ్యి లాగితే అరచేతి చర్మం మేకుకే ఉండిపోయింది. ఎడంచేత్తో ఆ మేకు కూడా పీకి మొలలో దోపుకున్నాను. అప్పటికే మేడ కప్పు మీద ధూమ్రకేశుడు శంఖం ఊదుతున్నాడు. పొగకొంగ పాముచేపల్ని కక్కేసి రెక్కలు విప్పింది. మాంత్రికుడు ముందు, శంఖపాలుడు వెనక, ఎక్కి కూర్చున్నారు. నేను మేడ వెనక కట్ట ఎక్కి గాలిరాట్నం రెక్క పట్టుకున్నాను. అది పైకి లేపింది, విసిరింది. కొంగ కాలు దొరికింది.

"సింగా!" అన్న పేరమ్మ కేక కిందెక్కడో ఉండిపోయింది. కట్టలు దాటాం. కింద నురగలు, పైన పొగ. శంఖపాలుడు చెప్పుకాలితో నా తల మీద తన్నుతున్నాడు.

"చేను అమ్మమని మూడుసార్లు అడిగాను కదరా, అమ్మితే ముంచేవాణ్ణా! నీ చేను కింద ఏముందో తెలిస్తే నువ్వూ నిద్రపోయేవాడివి కాదు!"

"నిద్రపోయి ఏడాదయింది దొరా!"

ధూమ్రకేశుడు మళ్ళీ శంఖం ఊదాడు. సముద్రం గుండ్రంగా తిరిగి, బావిలా విచ్చుకుంది. తాటిచెట్టు లోతున నీటి గోడల మధ్య తడి నేల బయటపడింది. నల్లబడిన వరి మొదళ్ళు. నా గట్లు. నేను పాతిన కట్టుగుంజ. దూకేశాను. మోకాళ్ళు నా మట్టిలోనే దిగబడ్డాయి. ఉప్పు వాసన, కుళ్ళు వాసన, అయినా నా మట్టే.

చేను నడుమ బురద చీల్చుకుని ఒక రాతి తలుపు లేచి ఉంది. దాని మీద సింహం మొహం. శంఖపాలుడు దాన్ని రెండు చేతులా బాదుతున్నాడు. మాంత్రికుడి పొగ దాన్ని తాకి వెనక్కి వస్తోంది. శంఖంలో ఊపిరి అయిపోయింది. నీటి గోడలు లోపలికి వంగుతున్నాయి.

సింహం రాతి నోరు తెరిచింది.

"ఈ నేల ఎవరిది? ఎంత? గింజ తేడా రాకుండా చెప్పినవాడికే దారి."

"నాది!" అని అరిచాడు శంఖపాలుడు. "ఇంచుమించు రెండు తూముల..."

"ఇంచుమించు అన్నవాడిది కాదు," అంది సింహం. ఒక నీటి గోడ పగిలి నడుము దాకా వచ్చింది.

శంఖపాలుడు నా వైపు తిరిగాడు. జీవితంలో మొదటిసారి ఆ నోట్లో చురక లేదు. "చెప్పరా సింగన్నా. చెప్పు, లేకపోతే ముగ్గురం పోతాం!"

మొలలో మేకు పట్టుకున్నాను. తలుపు తెరుచుకున్నాక ఇతని సంగతి చూద్దామని, కాలిన చెయ్యి సింహం నుదుటి మీద పెట్టి చెప్పాను.

"కట్టల సింగన్నది. రెండు తూముల మూడు కుంచాల ఒక మానిక విత్తనం పట్టే నేల. అందులో ఈశాన్య మూల కుంచెడు నేల తాలు."

సింహం నోరు మూసుకుంది, రాతి తలుపు కిర్రుమని తెరుచుకోసాగింది.